మూడీ సెంటర్: డ్రమ్ము చూసిన కళ్ళతో

మా నాన్న తెనాలి పక్క ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ ఆటస్థలానికి తీసుకెళ్ళినా ఆయన ముందు నేల చూస్తారు, తరవాత బాస్కెట్టు బిగించిన బోర్డు చూస్తారు, ఆఖరున మనుషులు ఎక్కడ కూర్చుంటారో చూస్తారు. ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం వారి కొత్త బాస్కెట్‌బాల్ అరీనా మూడీ సెంటర్ గురించి రాద్దామని కూర్చుంటే నాకు ఆ వరస తలకిందులైంది. చెప్పాల్సినదంతా కుర్చీల దగ్గరే ఉంది. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

కొత్తదాని విలువ కట్టాలంటే పాతది ఎలా ఉండేదో తెలియాలి. 1977 నుంచి 2022 దాకా ఈ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆడింది ఫ్రాంక్ అర్విన్ సెంటర్‌లో. గుండ్రటి కాంక్రీటు కట్టడం, ఐ-35 రహదారి మీద వెళ్తుంటే పక్కనే కనిపించేది. ఊరంతా దాన్ని డ్రమ్ము అని పిలిచేది. నాకు మాత్రం మా తాతగారి పెరట్లో ఉన్న ధాన్యపు గాదె గుర్తుకు వచ్చేది. లోపల 16 వేలకు పైగా కుర్చీలు. అంతకు ముందు 1930 నుంచీ ఆటలన్నీ క్యాంపస్ నడిబొడ్డున ఉన్న గ్రెగరీ జిమ్‌లో జరిగేవి. అది ఇరుకైపోయిందని డ్రమ్ము కట్టారు. డ్రమ్ము వదులైపోయిందని ఇప్పుడు మూడీ కట్టారు. మా ఇంట్లో పిల్లల చొక్కాలు కొన్నట్టే ఉంది ఈ వ్యవహారం, కాకపోతే ఇక్కడ చివరి చొక్కా చిన్నది.

నేను ఎమ్మెస్ చదవడానికి 2001 ఆగస్టులో ఆస్టిన్‌లో దిగాను. ఫార్ వెస్ట్ అనే పేటలో నలుగురం కలిసి ఉన్న అపార్ట్‌మెంటు, క్యాంపస్‌కు షటిల్ బస్సు, వారానికి ఒకసారి పప్పు వండే వంతు. విద్యార్థులకు ఏడాది మొత్తానికి ఆటల ప్యాకేజీ ఒకటి ఉండేది. అది కొనుక్కుంటే అమెరికన్ ఫుట్‌బాల్‌తో పాటు బాస్కెట్‌బాల్ కూడా చూడవచ్చు. మా గదిలో మిగతా ముగ్గురూ ఫుట్‌బాల్ కోసం కొన్నారు. నేను బాస్కెట్‌బాల్ కోసం కొన్నాను. సిమెంటు కోర్టు మీద మోకాళ్ళు గీరుకుపోయేలా ఆడి పెరిగినవాణ్ణి కదా.

ఆ ఏడాదే టి.జె. ఫోర్డ్ అనే కుర్రవాడు కూడా మొదటి సంవత్సరంలో చేరాడు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళలో పొట్టివాడనే చెప్పాలి, ఆరడుగులు. ఆ సీజనులో అమెరికా మొత్తం మీద కాలేజీ ఆటలో సగటున ఎక్కువ అసిస్టులు, అంటే తోటివాడు బాస్కెట్టు వేయడానికి దారితీసిన పాసులు, ఇచ్చినది అతనే. మొదటి సంవత్సరం విద్యార్థి ఆ పట్టికలో మొదటి స్థానంలో నిలవడం అంతకు ముందు లేదు. రెండో ఏడు, 2003లో, జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ పోటీలో చివరి నాలుగు జట్ల దశకు, తీసుకెళ్ళాడు. 1947 తరవాత టెక్సస్ అక్కడిదాకా వెళ్ళడం అదే మొదలు. తరవాత పెద్ద పేరు తెచ్చుకున్న కార్మెలో ఆంథొనీ ఆడిన సిరక్యూస్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడిపోయారు, అది వేరే సంగతి. ఆ రెండేళ్ళూ నేను ఫోర్డ్‌ను చూసింది ఎక్కువగా నడినెత్తి మీద నుంచే. డ్రమ్ములో పై భాగం, కోర్టు ఎక్కడో బావి అడుగున వెలుగుతున్నట్టు. అయినా నాకు అది బాధనిపించలేదు. పాసు ఇచ్చే ఆటగాణ్ణి పై నుంచి చూస్తేనే అర్థం అవుతాడు. బంతి వెళ్ళకముందే ఖాళీ ఎక్కడ పుడుతుందో పై నుంచి కనిపిస్తుంది.

ఇక్కడ కాస్త జామెట్రీ చెప్పాలి. కాలేజీ కోర్టు పొడవు 94 అడుగులు, వెడల్పు 50. గుండ్రటి గిన్నెలో పొడుగాటి పలక పెట్టి చూడండి. పలక రెండు కొసలూ గిన్నె అంచుకు దగ్గరగా వస్తాయి, పొడుగు పక్కల రెండు వైపులా మాత్రం ఖాళీ మిగిలిపోతుంది. ఆట చూడటానికి అన్నిటికన్నా మంచి చోటు ఆ పొడుగు పక్కలే. డ్రమ్ములో సమస్య సరిగ్గా అదే: ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కోవలసిన సీట్లే ఆటకు దూరమయ్యాయి. 1970ల్లో అమెరికాలో ఒకే భవనంలో అన్నీ జరగాలని కట్టిన గుండ్రటి కట్టడాలు చాలా ఉన్నాయి. సర్కస్‌కు, కచేరీకి, పట్టభద్రోత్సవానికి, ఆటకు, అన్నిటికీ కాస్త కాస్త పనికి వచ్చేవి. తెరిచిన కొత్తలో దీని పేరు కూడా స్పెషల్ ఈవెంట్స్ సెంటర్. 1980లో ఫ్రాంక్ అర్విన్ చనిపోయిన ఏడాది ఆయన పేరు పెట్టారు.

ఆ ఫ్రాంక్ అర్విన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. విశ్వవిద్యాలయ పాలకమండలికి అధ్యక్షుడిగా చేసిన లాయరు. 1969లో ఫుట్‌బాల్ స్టేడియం పెంచడానికి వాలర్ వాగు ఒడ్డున చెట్లు కొట్టించబోతే విద్యార్థులు ఎక్కి కూర్చున్నారు. పోలీసులతో వాళ్ళను కిందికి దింపించి, చెట్లు కూలుతుంటే చప్పట్లు కొట్టాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. భవనాలు కట్టడమంటే అంత ఇష్టమైన మనిషి పేరున్న భవనం నలభై అయిదేళ్ళకే అయిపోయింది.

నాన్నను డ్రమ్ముకు తీసుకెళ్ళింది 2012 డిసెంబరులో. అమ్మా ఆయనా చలికాలంలో వచ్చారు, పెద్దవాళ్ళను ఆ కాలంలో రప్పించకూడదని అప్పుడు తెలిసింది. పని రోజు సాయంత్రం, మహిళల జట్టు, అవతల ఏదో చిన్న కళాశాల. లోపలికి వెళ్ళగానే నాన్న అడిగిన మొదటి మాట: "ఇది చెక్కా?" కింద వరసల దాకా దిగి చూద్దామన్నారు. అక్కడ నిలబడి చాలాసేపు కోర్టు కేసి చూశారు. ఆయన ముప్పై ఏళ్ళు సున్నంతో గీతలు గీసుకున్న కోర్టు మట్టి కోర్టు. వాన పడితే మళ్ళీ గీయాలి. ఒక బోర్డుకు రింగు వంగిపోతే ఊళ్ళో కమ్మరి చేత చేయించి సొంత డబ్బుతో బిగించిన మనిషి. బంతి చెక్క మీద పడి లేచే చప్పుడు విని, "గట్టి గచ్చు మీద కన్నా మోకాళ్ళకు సుఖం" అన్నారు, అంతే.

విరామంలో బయట నడవాలోకి వెళ్ళి ఎంతకూ రాలేదు. నేను కంగారుపడి లేచేసరికి అవతలి తలుపు నుంచి వస్తున్నారు. "గుండ్రంగా ఉంది కదా, ఒక ప్రదక్షిణ చేసి వచ్చాను. తప్పిపోవడానికి లేదు" అన్నారు. ఆ రోజు సాయంత్రపు నడక కూడా అక్కడే పూర్తయింది. తరవాత కూర్చుని, మా పైన చీకట్లో వరసలు వరసలుగా ఉన్న ఖాళీ సీట్లను చూసి అడిగారు: "ఇన్ని కుర్చీలు ఎవరి కోసం వేశారు?"

జవాబు ఉంది. 1986లో జోడీ కాన్‌రాడ్ట్ శిక్షణలో ఈ మహిళల జట్టు 34 ఆటలు ఆడి 34 గెలిచి దేశ విజేత అయింది. మరుసటి ఏడాది మహిళల ఫైనల్ ఫోర్ పోటీలు ఇదే డ్రమ్ములో జరిగాయి, జనం కిక్కిరిసిపోయారు. ఆ రోజుల్లో మహిళల ఆటకు అంతమంది వచ్చే ఊరు అమెరికాలో వేళ్ళ మీద లెక్క. అంటే ఆ కుర్చీలు నిండాయి, తరవాత ఖాళీ అయ్యాయి. నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన, "అయితే మళ్ళీ వస్తారు. తీసేయకూడదు" అన్నారు.

తీసేశారు. నాన్న వచ్చిన ఆ ఏడాది నవంబరులోనే ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీ ఓటర్లు వైద్య విద్యాలయం కోసం ఆస్తి పన్ను పెంచుకోవడానికి ఒప్పుకున్నారు. డెల్ మెడికల్ స్కూల్ 2016లో మొదటి తరగతి పెట్టింది, మరుసటి ఏడు పక్కనే కొత్త ఆసుపత్రి తెరిచారు. వాటి విస్తరణకు డ్రమ్ము ఉన్న నేల కావాలన్నది ముందు నుంచీ ఉన్న ప్రణాళిక. అంటే ఈ కథలో పాత అరీనా పాతబడిపోయినందువల్ల మాత్రమే పోలేదు, అది నిలబడిన చోటుకు విలువ పెరిగినందువల్ల కూడా పోయింది. మన ఊళ్ళలో సినిమా హాళ్ళు పోయినట్టే. 2022 ఫిబ్రవరి ఆఖరున పురుషుల జట్టు అక్కడ చివరి ఆట ఆడి బేలర్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది. తరవాత కూల్చడం మొదలుపెట్టారు. చుట్టూ ఆసుపత్రి ఉంది కాబట్టి బాంబు పెట్టి పేల్చడం కుదరదు, యంత్రాలతో కొరికి కొరికి తీశారు. ఆఫీసుకు వెళ్తూ రోజూ చూసేవాణ్ణి. ఒక రోజు గోడ పోయి లోపలి మెట్ల వరసలు ఎండలో బయటపడ్డాయి. నేను టి.జె. ఫోర్డ్‌ను చూసిన వరస ఎక్కడుందో వెతుక్కునేలోపు పచ్చ సిగ్నలు పడింది.

ఇక మూడీ. పాతదానికి ఉత్తరంగా కొద్ది దూరంలోనే, రాబర్ట్ డెడ్‌మన్ డ్రైవ్ మీద, ఒకప్పటి పార్కింగు స్థలంలో కట్టారు. ఖర్చు సుమారు 37.5 కోట్ల డాలర్లు. అందులో 13 కోట్లు గాల్వెస్టన్‌కు చెందిన మూడీ ఫౌండేషన్ ఇచ్చింది, పేరు అందుకే. మిగతాది ఓక్ వ్యూ గ్రూప్ అనే సంస్థ, దాని భాగస్వాములు పెట్టుకున్నారు. నేల విశ్వవిద్యాలయానిది, కట్టి నడిపేది వాళ్ళు. పెట్టిన డబ్బు కచేరీల మీద రాబట్టుకోవాలి. ఈ లెక్క తెలిస్తే భవనంలో ప్రతిదీ అర్థం అవుతుంది. 2022 ఏప్రిల్‌లో తెరిచినప్పుడు మొదట వినిపించింది గిటారు, బంతి కాదు. బాస్కెట్‌బాల్ నవంబరులో గానీ మొదలుకాలేదు. ఆ నెలలోనే అప్పటికి దేశంలో రెండో స్థానంలో ఉన్న గొన్జాగా విశ్వవిద్యాలయాన్ని 93-74తో చిత్తు చేస్తుంటే నేను ఇంట్లో టీవీలో చూశాను. టీవీలోనే తెలిసిపోయింది, ఆ చప్పుడు డ్రమ్ము చప్పుడు కాదని. డ్రమ్ములో కేకలు పైకి వెళ్ళి అక్కడే తిరుగుతూ ఉండేవి. ఇక్కడ కేక నేరుగా కోర్టు మీద పడుతోంది.

నేను రాస్తున్నది 2025 ఫిబ్రవరి 9, ఆదివారం సంగతి. టెక్సస్ మహిళల జట్టుకూ సౌత్ కరొలైనాకూ ఆట. సౌత్ కరొలైనా అంటే అప్పటి దేశ విజేత, కోచ్ డాన్ స్టేలీ. టెక్సస్ సరిగ్గా ఆ సీజనులోనే కొత్త లీగులోకి, అంటే ఎస్‌ఈసీలోకి వచ్చింది. మా చిన్నమ్మాయికి పద్నాలుగేళ్ళు, స్కూలు జట్టులో పాయింట్ గార్డు, అంటే బంతి నడిపించి పాసులు ఇచ్చే మనిషి. తన గది గోడ మీద ఉన్నది టెక్సస్ జట్టులో అదే చోట ఆడే రోరీ హార్మన్ బొమ్మ. హార్మన్ ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, మోకాలి లిగమెంటు తెగి ముందటి సీజను చాలా భాగం ఆడలేదు. మా అమ్మాయి ఎత్తు అయిదడుగుల రెండు. పొట్టివాళ్ళను ఆరాధించడం మా ఇంట్లో వారసత్వం.

టికెట్లు ఆలస్యంగా వెతికాను. తిరిగి అమ్మే యాప్ ఒకదానిలో దొరికాయి, ఇద్దరికీ కలిపి 125 డాలర్లు దాటింది. డబ్బు వెంటనే తీసుకున్నారు, టికెట్లు మాత్రం ఆటకు అరగంట ముందు ఫోనుకు వచ్చాయి. అప్పటిదాకా మేము గేటు బయట, మా అమ్మాయి నన్ను చూసే చూపు రోరీ హార్మన్‌ను ఆపబోయే ప్రత్యర్థిని చూసినట్టు. దీనికి అరీనా తప్పేమీ లేదు. ముందుగా కొనుక్కోండి, అంతే. కాగితం టికెట్టు లేదు, లోపల నోట్లు చెల్లవు, కార్డో ఫోనో ఉండాలి. సంచి తీసుకెళ్తే పారదర్శకంగా ఉన్న చిన్నదే. అత్తగారో అమ్మో వస్తుంటే వాళ్ళ చేతిసంచి ఇంట్లో పెట్టించడానికి పావుగంట అదనంగా కేటాయించుకోండి. ఐ-35 విస్తరణ పనులు సాగుతున్నాయి కాబట్టి ప్రయాణానికి ఇంకో పావుగంట.

బయటి నుంచి మొదట కనిపించేది చూరు. పైకప్పు గోడలు దాటి చాలా ముందుకు వచ్చి చుట్టూ నీడ ఇస్తుంది, మన పెంకుటిళ్ళ చూరు ఎంత ఉపకారమో టెక్సస్ ఎండలో నిలబడితే తెలుస్తుంది. దాని కింద వసారా లాంటి ఆరుబయలు. డ్రమ్ముకు ఇలాంటిదేమీ లేదు, అది వీపు తిప్పుకుని కూర్చున్నట్టు ఉండేది. లోపలికి వెళ్తే నడవాలు విశాలం. మరుగుదొడ్ల ముందు వరస ఉంది గానీ కదులుతోంది. చలి ఎక్కువ, పెద్దవాళ్ళకు స్వెటరు తప్పనిసరి.

మా సీట్లు పొడుగు పక్కన, కోర్టుకు పద్నాలుగో వరస. కూర్చున్న నిమిషంలో నా పాత జామెట్రీ ఫిర్యాదు మాయమైంది. ఇక్కడ సీట్లు కోర్టు ఆకారాన్ని పట్టుకుని వస్తాయి, మధ్యలో వృథా చోటు లేదు. కోర్టు చుట్టూ నేల మీదే విద్యార్థులు నిలబడతారు. ఆ చోటుకు కొరాల్ అని పేరు, అంటే పశువులను తోలి పెట్టే దొడ్డి. జట్టు పేరు లాంగ్‌హార్న్స్, పొడుగు కొమ్ముల పశువులు కాబట్టి పేరు సరిపోయింది. మా ఊళ్ళో బందెలదొడ్డిలో పెట్టిన గేదెలు కూడా ఇంత అరవవు. అవతలి జట్టు అమ్మాయి గీత బయట నుంచి బంతి అందించాలంటే వీళ్ళ ఊపిరి తగిలేంత దగ్గర. నా విద్యార్థి రోజుల్లో నేను ఎక్కడ ఉండేవాణ్ణో, వీళ్ళు ఎక్కడ ఉన్నారో చూసుకుంటే కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

బాస్కెట్‌బాల్ రోజున పై అంతస్తును నల్ల తెరలతో మూసేస్తారు. కచేరీకి 15 వేలకు పైగా పట్టే భవనం ఆటకు 10 వేల పైచిలుకు కుర్చీలకు కుదించుకుంటుంది. ఖాళీ కనిపించదు, టీవీలో నిండుగా ఉంటుంది, కోర్టు మీద చప్పుడు పెరుగుతుంది. తెలివైన ఏర్పాటు. మా పెళ్ళి భోజనాలప్పుడు జనం తక్కువ వస్తారని అనుమానం వస్తే షామియానా కుదించి కట్టించిన మా మేనమామ గుర్తుకు వచ్చాడు.

ఆట గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. టెక్సస్ 66, సౌత్ కరొలైనా 62. టెక్సస్ జట్టులో మ్యాడిసన్ బుకర్ అనే అమ్మాయి మీద ఆట నడిచింది. కానీ మా అమ్మాయి చూసింది హార్మన్ పాదాలను. నేను నిజంగా నేర్చుకున్నది ఇదే: పద్నాలుగో వరస నుంచి పాదాలు కనిపిస్తాయి. బంతి ఉన్న అమ్మాయి ఎటు తిరగబోతుందో ఆమె నడుము చూసి పసిగట్టి, హార్మన్ ఒక అరడుగు ముందే జరుగుతోంది. మోచేయి తగలకుండా, చేయి పెట్టకుండా, కాళ్ళతోనే దారి మూసేస్తోంది. బూట్లు చెక్క మీద కీచుమనడం వినిపిస్తోంది. ఫోర్డ్ పాదాలు నేను ఒక్కసారీ చూడలేదు. నా దగ్గర ఉన్నదంతా పై నుంచి చూసిన పటం. మా అమ్మాయి దగ్గర ఉన్నది మెడ వెనక చెమట దాకా. ఏది మంచిదో తేల్చుకోలేకపోయాను. "నాన్నా, పాసు ఎటు వెళ్ళిందో నాకు కనిపించలేదు" అని తను రెండు మూడు సార్లు అన్నప్పుడు మాత్రం నాలో ఒక మూల సంతోషించింది.

విరామంలో తిండి. మాంసం తినేవాళ్ళకు ఎంపిక బాగుంది. శాకాహారులకు పాప్‌కార్న్, జంతిక అన్నయ్యలా ఉండే ప్రెట్జెల్, జున్ను పోసిన నాచోలు. ధరలు అమెరికా అరీనాలన్నిటిలో ఉన్నట్టే, అంటే నీళ్ళ సీసా కొన్నప్పుడు రూపాయల్లోకి మార్చుకోకూడదు. ఇరవై నాలుగేళ్ళయినా నేను మార్చుకుంటూనే ఉన్నాను. ఇంట్లో పులిహోర తిని వెళ్ళడం ఉత్తమం.

అప్పుడే మా అమ్మాయి తాతయ్యకు వీడియో కాల్ చేసింది. అక్కడ అర్ధరాత్రి. ఆయనకు ఎనభై దాటాయి, నిద్ర సరిగా పట్టదు, ఎత్తారు. ముందు నేల చూపించమన్నారు. చూపించింది. బోర్డు చూపించమన్నారు. కోర్టు నడిమధ్య పైన వేలాడుతున్న పెద్ద తెర కూడా చూపించబోతే అది అక్కర్లేదన్నారు. "ఇప్పుడు చుట్టూ తిప్పు" అన్నారు. ఫోను నెమ్మదిగా తిప్పింది. పైన నల్ల తెర దగ్గర ఆగి, "అది ఏమిటమ్మా?" అన్నారు.

"పై సీట్లు తాతయ్యా. మూసేశారు."

"మీ నాన్న చదువుకునే రోజుల్లో అక్కడే కూర్చునేవాడు కదా?"

నేను ఫోను అందుకుని, విద్యార్థులు ఇప్పుడు కిందే నిలబడతారని, అది ఇంకా మంచి చోటని చెప్పాను. ఆయన, "విద్యార్థుల సంగతి సరే. ఊళ్ళోవాళ్ళు?" అన్నారు. సిగ్నలు తెగిపోయింది, లేదా ఆయనే పెట్టేశారు.

ఆ ప్రశ్న వల్లే అయిదు నక్షత్రాల్లో ఒకటి తీసేస్తున్నాను. డ్రమ్ములో ఖాళీ కుర్చీలు చూడటానికి వెలితిగా ఉండేవి గానీ, ఆట గురించి ఏమీ తెలియనివాడు కూడా ఊరికే ఒక సాయంత్రం వచ్చి కూర్చోవడానికి అవే దారి. సీట్లు ఎక్కువ, జనం తక్కువ అంటే ధర తక్కువ. పిల్లలను నలుగురిని వెంటేసుకుని వచ్చినా జేబు కాలదు. అలా వచ్చినవాళ్ళలో కొందరే తరవాత ఏళ్ళ తరబడి వస్తారు. కుర్చీలు తగ్గించి చప్పుడు పెంచుకున్న భవనం ఉన్న అభిమానులకు చక్కగా సేవ చేస్తుంది. లేని అభిమానులను ఎలా తయారు చేస్తుందో నాకు అర్థం కాలేదు. పెద్ద జట్టు వచ్చినప్పుడు ఆ నల్ల తెర తీస్తే ఎంత బాగుంటుంది.

అయినా నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, మనసారా. ఆటను ఇంత దగ్గరగా చూపించే కాలేజీ అరీనా నేను ఇంకొకటి చూడలేదు. ముఖ్యంగా మహిళల ఆటకు ఇది కొలత తీసి కుట్టినట్టు ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళు మొదటిసారి పురుషుల పెద్ద ఆటకు ఎగబడకండి. నవంబరులోనో డిసెంబరులోనో చిన్న కళాశాలతో మహిళల ఆట చూసుకుని వెళ్ళండి. టికెట్టు చవక, పార్కింగు గొడవ తక్కువ, ఆడేది మహిళల పెద్ద ఆటల్లో ఆడే ఆ అమ్మాయిలే. వీలైతే పొడుగు పక్కన, పదో వరసకూ ఇరవయ్యో వరసకూ మధ్య తీసుకోండి. కొసన, బోర్డు వెనక సీట్లు చవకగా వస్తాయి గానీ సగం ఆట పెద్ద తెర మీదే చూడాల్సి వస్తుంది. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళుంటే నడవాకు దగ్గర వరస అడగండి.

మా నాన్నకు మాత్రం పై వరస కావాలట. మర్నాడు ఉదయం మళ్ళీ ఫోను చేసి చెప్పారు. వీసా ఇంకా మూడేళ్ళుంది, ఈసారి చలికాలం కాకుండా వస్తానన్నారు. బాస్కెట్‌బాల్ ఉండేదే చలికాలమని ఆయనకు ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.